అటవీ సర్వీసు గురి అయితే డిగ్రీలో ఏ మేజర్?

ప్రశ్న: మాది పలమనేరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, తెలుగు మీడియం. అటవీ, పర్యావరణ శాఖల్లో ప్రభుత్వ ఉద్యోగం చేయాలని పట్టుదలగా ఉంది. తిరుపతిలో బీఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేర్పించమంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: డిగ్రీలో ఆ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వద్దండి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, పశువైద్యం లాంటి సబ్జెక్టుల్లో ఒకటైనా డిగ్రీలో చదివి ఉండాలి. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు లేదు. కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టుకూ బీఎస్సీ పనికిరాదు, ఇంజినీరింగ్ కావాలి. కోర్సు పేరు చూసి చేరిన పిల్లలకు ఈ సంగతి ఫైనలియర్‌లో తెలుస్తోంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

డిగ్రీలో బోటనీ మేజర్, జువాలజీ మైనర్ (రెండో సబ్జెక్టు) పెట్టించండి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మీద ఇష్టముంటే తర్వాత పీజీసెట్ రాసి ఎమ్మెస్సీలో చదువుకోవచ్చు. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వస్తే మాత్రం బీఎస్సీ అగ్రికల్చరే మేలు. తిరుపతిలోనే ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది.

ఫారెస్ట్ సర్వీస్‌కు ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడి. దరఖాస్తులో ఫారెస్ట్ సర్వీస్‌ను కూడా ఎంచుకోకపోతే ఎన్ని మార్కులొచ్చినా దాని మెయిన్స్‌కు పిలవరు. కటాఫ్ సాధారణంగా సివిల్స్ కంటే ఎక్కువే ఉంటుంది. మెయిన్స్ 1,400 మార్కులు, ఇంటర్వ్యూ 300. డిగ్రీలో చదవకపోయినా ఫారెస్ట్రీని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, బోటనీకి అది చక్కగా జత కుదురుతుంది. అసలు ఇబ్బంది భాషది. సివిల్స్ మెయిన్స్‌లా తెలుగులో రాయనివ్వరు, జవాబులన్నీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. కాబట్టి డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివించి, మొదటి ఏడాది నుంచే వారానికి రెండు జవాబులు రాయించి లెక్చరర్‌తో దిద్దించండి.

అంతవరకు ఆగనక్కర్లేదు కూడా. ఏపీపీఎస్సీ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు ఇంటర్ చాలు, 18 ఏళ్లు నిండాలి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల మీద పడటం పలమనేరు వాళ్లకు నేను చెప్పాలా! వాటిని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (శిక్షణ పొందిన ఏనుగులను) తెచ్చారు. శేషాచలంలో ఎర్రచందనం కాపలా ఎప్పుడూ ఉన్నదే. వీటన్నిటికీ అడవిలో కాలు పెట్టి తిరిగేది బీట్ సిబ్బందే. దీన్ని చిన్న ఉద్యోగమని తీసిపారేయకండి.

బీట్ ఆఫీసర్‌కు అమ్మాయిలు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి, ఫారెస్ట్ సర్వీస్‌కైతే 14. ఎత్తు 150 సెంటీమీటర్లుండాలి, ఎస్టీలకు సడలింపు ఉంది. నోటిఫికేషన్ వచ్చాక నడక మొదలుపెడితే పిక్కలు పట్టేసి చాలామంది మధ్యలో ఆగిపోతారు. అలిపిరి మెట్లెక్కడం దీనికి సాధన కాదు. చదును నేల మీద 5 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికో కిలోమీటరు పెంచితే మూడు నెలల్లో 16 దాటుతుంది. పరీక్ష రోజు వేసుకునే బూట్లతోనే నడిపించండి.