బయాప్సీ రిపోర్టులో ‘సైలెంట్’ అని ఉంది... నా జన్యువులు మూగబోయాయా?

ప్రశ్న: నా వయసు 44. ఏడు నెలల క్రితం ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి పిట్యుటరీ (మెదడు కింద ఉండే పీయూష గ్రంథి) కణితి తీశారు. కొద్దిగా మిగిలిందన్నారు. బయాప్సీ రిపోర్టులో ‘సైలెంట్ గొనాడోట్రాఫ్’ అని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే జీన్ సైలెన్సింగ్, నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటూ ఏవేవో వచ్చాయి. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా అమ్మాయికి 15 ఏళ్లు. తనకూ వస్తుందా? మైక్రో ఆర్‌ఎన్‌ఏ రక్తపరీక్ష చేయించుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఆర్‌ఎన్‌ఏ మందులు ఉన్నాయా? ప్రస్తుతం హైడ్రోకార్టిసోన్ వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, వరంగల్

సలహా: ముందు మీ అమ్మాయి సంగతి చెబుతాను. మీ కుటుంబంలో ఇంకెవరికీ ఇలాంటి సమస్య లేకపోతే తనకు ఏ పరీక్షా అక్కర్లేదు. పిట్యుటరీ కణితుల్లో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 శాతమే. అవి తరచూ చిన్న వయసులోనే బయటపడతాయి. లేదా ఇంట్లో మరొకరికి పిట్యుటరీ కణితో, కాల్షియం పెరిగే పారాథైరాయిడ్ జబ్బో ఉంటుంది. అలాంటిదేమైనా ఉంటే మాత్రం మీ ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టర్‌కు) తప్పక చెప్పండి.

మిమ్మల్ని కంగారు పెట్టింది ‘సైలెంట్’ అనే ఒక్క మాట. అండాశయాలను నడిపించే హార్మోన్లు తయారుచేసే కణాలను గొనాడోట్రాఫ్‌లు అంటారు. మీ కణితి వాటి నుంచే పుట్టింది కానీ, లక్షణాలు కనిపించేంతగా హార్మోన్లు వదలడం లేదు. రిపోర్టులో ‘సైలెంట్’ అంటే అంతే. అందుకే చాలామందిలో ఇది పెరిగి, కంటి నరాలను నొక్కి, చూపు తగ్గేదాకా తెలియదు.

జీన్ సైలెన్సింగ్, అంటే జన్యువు పని ఆగిపోవడం, వేరే విషయం. అయితే అది కూడా మీలాంటి కణితుల్లోనే స్పష్టంగా కనిపించింది కాబట్టి, మీరు చదివినదాంట్లో నిజం లేకపోలేదు.

పుస్తకంలో అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నా, రెండు పుటలు బంకతో అతుక్కుపోతే చదవలేం కదా! జన్యువు విషయంలోనూ అలా జరుగుతుంది. జన్యువు మొదట్లో ఉండే భాగానికి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఎక్కువగా అతుక్కుంటే, కణం ఆ జన్యువును చదవలేదు. పీయూష గ్రంథి కణితుల్లో ఎంఈజీ3 అనే జన్యువుకు ఇదే జరుగుతుందని, 2003 నుంచి అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు చూపించారు. ఈ జన్యువు నుంచి ప్రొటీన్ తయారుకాదు. ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ (జన్యువును చూసి కణం రాసుకునే నకలు) తయారవుతుంది, పని చేసేది అదే. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటే ఇలాంటిదే. కణాలు అదుపు తప్పకుండా చూసే పీ53 ప్రొటీన్‌కు ఇది బలాన్నిస్తుంది. ఆరోగ్యకరమైన పీయూష గ్రంథిలో ఇది బాగానే ఉంటుంది, గొనాడోట్రాఫ్ కణితుల్లో దాదాపు కనిపించదు.

ఇంకో చిత్రమైన విషయం. మామూలుగా ఎంఈజీ3లో అమ్మ నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేస్తుంది, నాన్న నుంచి వచ్చినది పుట్టుకతోనే ఆగి ఉంటుంది. కాబట్టి ఆ ఒక్కటి మూసుకుపోయినా చాలు, రెండోది ఆదుకోలేదు. దీన్ని చదివి ‘మా అమ్మ నుంచి వచ్చిందా’ అని బాధపడకండి. ఈ మిథైల్ గుర్తులు తర్వాతెప్పుడో, ఆ కణితి కణాల్లో చేరినవి. మీరు తిన్నదాని వల్లో, చేసినదాని వల్లో వచ్చాయనడానికి ఆధారం లేదు. అండాల్లోకి వెళ్లి మీ అమ్మాయికి చేరేవీ కావు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చాలా పొట్టివి. ప్రొటీన్ తయారీకి వెళ్లే సందేశాన్ని పట్టుకుని ఆపేస్తాయి. వాటిని కనుగొన్నందుకే 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ వచ్చింది. గ్రోత్ హార్మోన్, ప్రొలాక్టిన్ తయారుచేసే పిట్యుటరీ కణితుల్లో ఎంఐఆర్-15ఏ, ఎంఐఆర్-16-1 అనేవి తగ్గినట్లు 2005లో ఇటలీ పరిశోధకులు గుర్తించారు. ఇది మంచి పరిశోధనే. కానీ రక్తంలో వీటిని కొలిచి మీకు రేడియేషన్ ఇవ్వాలా, ఆగాలా అని తేల్చే పద్ధతి ఇంకా వైద్యంలోకి రాలేదు. ఆ పరీక్షకు డబ్బు పెట్టకండి.

మందుల సంగతికొస్తే, 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ మొదటి ఆర్‌ఎన్‌ఏ సైలెన్సింగ్ మందు. అది కాలేయంలో పనిచేస్తుంది, ఒక జన్యువు పనిని ఆపుతుంది. మీ కణితికి కావలసింది మూసుకుపోయినదాన్ని తెరవడం. మిథైల్ గుర్తులను తీసే అజాసైటిడిన్‌ను కొన్ని ఎముకమజ్జ జబ్బుల్లో వాడుతున్నాం. కానీ అది శరీరమంతటా ప్రభావం చూపుతుంది, రక్తకణాలు పడిపోతాయి. మీలాంటివారికి ఇవ్వం. ‘జీన్ ఆన్ చేసే’ పొడులు, కషాయాల జోలికీ వెళ్లకండి.

ఇప్పుడు మీరు చూసుకోవలసింది మిగిలిన ముక్కను. ఆపరేషన్ తర్వాత తీసిన ఎంఆర్‌ఐ ఫిల్మ్ భద్రంగా ఉంచండి. ఏడాదికోసారి తీసేవాటిని దానితోనే పోల్చమనండి. చాలామందిలో ఆ ముక్క ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పెరిగితే మళ్లీ ఆపరేషనో, గామా నైఫ్ లాంటి రేడియేషనో ఉంది. పక్కల చూపు ఎంతవరకు ఉందో కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష మానొద్దు. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే పిట్యుటరీ హార్మోన్) ఒక్కటే చూసి నార్మల్ అంటే ఒప్పుకోవద్దు. పిట్యుటరీ జబ్బులో అది నార్మల్‌గానే కనిపించవచ్చు, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 చూడాలి. బయాప్సీ రిపోర్టులో కీ-67 (కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే అంకె) ఎంతో, ఎస్‌ఎఫ్-1 (గొనాడోట్రాఫ్ కణాలను గుర్తుపట్టించే ప్రొటీన్) పాజిటివ్ అని ఉందో లేదో డాక్టర్‌ను అడగండి. మీకు పనికొచ్చే కణ సమాచారం అందులోనే ఉంది.

హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. జ్వరం వస్తే డోసు పెంచాలి, ఎంత పెంచాలో ఇప్పుడే డాక్టర్‌తో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. వాంతులై మాత్ర నిలవకపోయినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, చూపు తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, స్టెరాయిడ్ వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి.