పైప్‌లైన్లను కోడ్‌తో కట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజ్యూర్ డేటా ఫ్యాక్టరీలో, ఇంతవరకు పోర్టల్ తెరిచి మౌస్‌తో కట్టుకుంటూ వచ్చిన పైప్‌లైన్లను, అంటే డేటా చేరవేత పనుల వరుసలను, ఇకమీదట ఏపీఐ (ప్రోగ్రాములు ఆ సేవతో మాట్లాడే మార్గం) ద్వారా కోడ్‌తోనే సృష్టించాలని మీ బృందం నిర్ణయించిందనీ, ఆ బాధ్యత నీ మీద పెట్టారనీ రాశావు. నీ ఉత్తరం చదవగానే నాకు ముందుగా తట్టిన విషయం చుట్టూనే ఈ సలహాలన్నీ తిరుగుతాయి. నీ కోడ్ పంపే ఏ అభ్యర్థన అయినా పొరపాటున రెండోసారి వెళ్లినా నష్టం జరగకూడదు.

సృష్టించే దశలో దీన్ని పాటించడం తేలికే. ముందు ఫ్యాక్టరీ, తర్వాత డేటా ఉన్నచోటికి దారి చూపే లింక్డ్ సర్వీసులు, వాటిని ఆధారం చేసుకుని ఏ పట్టిక, ఏ ఫైలు అని చెప్పే డేటాసెట్లు, ఆపైన పైప్‌లైన్, చివరకు దాన్ని వేళకు మొదలుపెట్టే ట్రిగ్గర్. ఈ వరుస తప్పితే, ఇంకా లేనిదాన్ని ప్రస్తావించావంటూ ఏపీఐ తిప్పికొడుతుంది. తొలగించేటప్పుడు చివరినుంచి మొదటికి రావాలి. సృష్టించేవన్నీ పుట్ (‘ఈ పేరుతో ఇది ఉండాలి’ అని చెప్పే) అభ్యర్థనలు కాబట్టి, అదే పేరుతో అదే జేసన్ (నిర్వచనం రాసే పాఠ్యరూపం) మళ్లీ పంపితే రెండో పైప్‌లైన్ పుట్టదు, ఉన్నదాని మీదే మళ్లీ రాస్తుంది. అయితే ఇదే కారణంగా, సహోద్యోగి పోర్టల్‌లో చేసిన సవరణను నీ స్క్రిప్టు చెప్పాపెట్టకుండా తుడిచివేయగలదు. అందుకే నిర్వచనాలకు అసలు చోటు గిట్ రిపాజిటరీయేనని (మార్పుల చరిత్రతో సహా కోడ్ దాచే చోటు) మొదటిరోజే అందరినీ ఒప్పించు. కోడ్ చేతిలో ఉంది కదా అని పట్టికకొక పైప్‌లైన్ పుట్టించకు. పట్టిక పేరును పారామీటర్‌గా, అంటే నడిపేటప్పుడు బయటినుంచి ఇచ్చే విలువగా, తీసుకునే ఒక్క పైప్‌లైన్ చాలు.

నడిపించే దశ అలాంటిది కాదు. రన్‌ను, అంటే పైప్‌లైన్‌ను ఒకసారి నడపడాన్ని, మొదలుపెట్టే క్రియేట్‌రన్ ఒక పోస్ట్ అభ్యర్థన. పిలిచిన ప్రతిసారీ అది కొత్త రన్ ఐడీ ఇస్తుంది. కొన్నేళ్ల కిందట నేను రాసిన స్క్రిప్టు ఈ అభ్యర్థన పంపి, జవాబు రాకపోవడంతో టైమవుట్ అయి, మళ్లీ పంపింది. మొదటిది నిజానికి చేరింది, దాని జవాబు మాత్రమే దారిలో పోయింది. రెండు రన్‌లూ ‘సక్సీడెడ్’ అని ముగిశాయి. మర్నాడు చూస్తే అమ్మకాల పట్టికలో ముందురోజు వరుసలన్నీ సరిగ్గా రెట్టింపయ్యాయి. ఎక్కడా ఒక్క హెచ్చరిక లేదు. ఆ తప్పు లెక్కలను నమ్మి కొందరు సమావేశానికి వెళ్లారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పైప్‌లైన్ కాంకరెన్సీని (ఒకేసారి ఎన్ని రన్‌లు నడవవచ్చో చెప్పే అంకెను) 1గా పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా పెట్టడం మంచిదే గాని, అది రెండో రన్‌ను వరుసలో నిలబెట్టి, మొదటిది ముగిశాక నడుపుతుందే తప్ప రద్దు చేయదు. అసలు మందు పైప్‌లైన్ లోపలే ఉండాలి. ఏ రోజు డేటా తేవాలో ప్రస్తుత సమయం ఇచ్చే యూటీసీనౌ ఫంక్షన్‌తో లోపల లెక్కగట్టకుండా, ‘2024-03-10’ వంటి తేదీని పారామీటర్‌గా బయటినుంచి ఇవ్వు. కాలాన్ని సమాన ముక్కలుగా (విండోలుగా) కోసి ఒక్కోదానికి ఒక్కో రన్ మొదలుపెట్టే టంబ్లింగ్ విండో ట్రిగ్గర్ వాడితే విండో మొదలు, ముగింపు సమయాలను అదే అందిస్తుంది. డేటాను నకలు చేసే కాపీ యాక్టివిటీ నేరుగా అసలు పట్టికలో రాయకుండా, ప్రతి వరుసకూ రన్ ఐడీ జతచేసి స్టేజింగ్ అనే తాత్కాలిక పట్టికలో దించాలి. ఆ తర్వాత డేటాబేస్‌లోనే ఉండే ఒక స్టోర్డ్ ప్రొసీజర్ (దాచిపెట్టిన ఆదేశాల వరుస), ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు), అసలు పట్టికలోని ఆ తేదీ వరుసలను తొలగించి, తన రన్ ఐడీ ఉన్న వరుసలను మాత్రమే చేర్చాలి. అప్పుడు మధ్యలో ఆగిపోయిన పాత రన్ వదిలిన వరుసలు వచ్చి కలవవు, ఆరునెలల కిందటి తేదీని మళ్లీ నడపాలన్నా భయం ఉండదు.

రన్ ఐడీ చేతికి రావడం పని మొదలైందనడానికే గుర్తు. స్థితిని మధ్యమధ్య అడుగుతూ ఉండు. అభ్యర్థనలు మితిమీరాయని చెప్పే 429 జవాబు వస్తే రిట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగు. పొడవైన రన్‌ల మధ్యలో ఏపీఐని పిలవడానికి అనుమతినిచ్చే యాక్సెస్ టోకెన్ గడువు తీరుతుంది గనుక దాన్ని కొత్తగా తెచ్చుకునే ఏర్పాటు ముందే చేసుకో. ‘సక్సీడెడ్’ చూసి ఊరుకోకు. కాపీ యాక్టివిటీ ఇచ్చే అవుట్‌పుట్‌లో చదివిన వరుసలెన్నో, రాసిన వరుసలెన్నో ఉంటాయి. ఆ రెండు అంకెలనూ రన్ ఐడీతో సహా మీ సొంత పట్టికలో దాచు, ఎందుకంటే ఫ్యాక్టరీ రన్‌ల చరిత్రను 45 రోజులే ఉంచుతుంది.

ట్రిగ్గర్‌ను ఏపీఐతో సృష్టించినప్పుడు అది ఆగిన స్థితిలోనే పుడుతుంది, విడిగా స్టార్ట్ చేయాలి. పాస్‌వర్డ్‌లను జేసన్‌లో ఎప్పుడూ రాయకు. రహస్యాలు దాచే కీ వాల్ట్‌లో పెట్టి, మేనేజ్డ్ ఐడెంటిటీతో (ఫ్యాక్టరీకి అజ్యూర్ ఇచ్చే సొంత గుర్తింపుతో) చదివించు.

ముందుగా ఒక చిన్న పట్టికను తీసుకొని, ఒకే తేదీకి క్రియేట్‌రన్‌ను కావాలనే వెంటవెంటనే రెండుసార్లు పిలువు. వరుసల సంఖ్య మారలేదని సరిచూసుకున్నాక ఆ రెండు రన్‌ల వివరాలు నాకు పంపు. మిగిలిన పట్టికల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి