చాట్‌బాట్ మాటకు బాధ్యత ఎవరిది? పథకాల చాట్‌బాట్ దగ్గర నేను చూసినది

చాట్‌బాట్ తప్పు చెబితే కంపెనీని కోర్టుకు లాగాలా, లేక ప్రభుత్వమే ముందుగా కట్టడి చేయాలా అని ఒకరు నన్ను అడిగారు. నష్టపోయిన మనిషికి కంపెనీ పరిహారం చెల్లించి తీరాలి. రాజకీయ ఒత్తిడితో చాట్‌బాట్ నోరు మూయిస్తే ఏమవుతుందో మాత్రం నేను దగ్గరుండి చూశాను.

2024 ఫిబ్రవరిలో, ప్రధాని మోదీ ఫాసిస్టా అన్న ప్రశ్నకు గూగుల్ చాట్‌బాట్ జెమిని ఇచ్చిన జవాబు పెద్ద దుమారం రేపింది. అది ఐటీ నిబంధనల ఉల్లంఘనే అని అప్పటి కేంద్ర ఐటీ సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ బహిరంగంగా అన్నారు. మార్చి 1న, పూర్తిగా పరీక్షించని ఏఐ నమూనాలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అంటూ సూచన వెలువడింది. అది స్టార్టప్‌లకు వర్తించదని మంత్రి వివరణ ఇచ్చారు. మార్చి 15కల్లా అనుమతి షరతునే తీసేశారు. కానీ భయం పోలేదు.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో, ప్రభుత్వ పథకాల గురించి చెప్పే చాట్‌బాట్‌కు తెలుగు సమాధానాలు రాసేదాన్ని. ఎన్నికల వేళ ఎందుకొచ్చిన తంటా అని పైవాళ్లు నాయకుల పేర్లన్నీ నిషిద్ధ పదాల జాబితాలో చేర్చారు. మన పథకాలకు ఉండేవే నాయకుల పేర్లు కదా! అప్పటి వైఎస్సార్ పెన్షన్ కానుక, జగనన్న విద్యాదీవెన... అన్నీ ఒక్క దెబ్బకు మూగబోయాయి.

ఒక రోజు పాత సంభాషణలు చూస్తుంటే, రాత్రి పదకొండు దాటాక ఒకరు అడిగిన ప్రశ్న కనిపించింది. "డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీలో నాన్నకు డయాలసిస్ చేస్తారా?" జవాబు: "రాజకీయ అంశాలపై సమాధానం ఇవ్వలేము." రెండోసారి అక్షరాలు సరిచేసి అడిగారు. మూడోసారి, "దయచేసి చెప్పండి, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ కార్డు ఉంది." మళ్లీ అదే వాక్యం. ఉత్త ఆరోగ్యశ్రీ అని రాసి ఉంటే, డయాలసిస్ ఉందని నేను రాసిపెట్టిన జవాబు వచ్చేది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తప్పు చెబితే నిలదీయడానికి దారి ఉంది. అమ్మమ్మో నాయనమ్మో చనిపోయి ప్రయాణమైన ఒకరికి, టికెట్ కొన్నాక 90 రోజుల్లోపు రాయితీ అడగవచ్చని ఎయిర్ కెనడా విమానసంస్థ చాట్‌బాట్ చెప్పింది. తర్వాత సంస్థ కుదరదంది. పైగా, చాట్‌బాట్ మాటలకు చాట్‌బాటే బాధ్యురాలని వాదించింది! కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదనను కొట్టేసి, వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు ఇప్పించింది. మన ఐటీ చట్టంలోని సెక్షన్ 79 ఆన్‌లైన్ వేదికలకు బాధ్యత నుంచి ఇచ్చే రక్షణ, ఇతరులు పెట్టిన సమాచారానికి ఉద్దేశించినది. చాట్‌బాట్ చెప్పేది కంపెనీ సొంత మాటే అని నా అభిప్రాయం.

చెప్పాల్సింది చెప్పకపోతే? ఆ డయాలసిస్ మనిషి ఎవరి మీద కేసు వేయాలి?

జాబితా తీసేయమని రెండు వారాలు పోరాడాను, ఒప్పుకోలేదు. చివరికి ఆ తిరస్కరణ వాక్యం కింద ఒక్క వరుస చేర్చనిచ్చారు: "ఆరోగ్యశ్రీ వివరాలకు 104కు ఫోన్ చేయండి."