సుత్తి తర్వాత, ముందు పోటు టైం చూడు

అమ్మా శిరీషా,

ఆశీస్సులు. పిల్లల్ని ఇంగ్లండ్‌లో డోర్సెట్‌లోని చార్మౌత్ బీచ్‌కి శిలాజాల కోసం తీసుకెళ్తున్నామని రాశావు. సుత్తి ఎక్కడ దొరుకుతుందని అడిగావు గానీ, ఆ రోజు సముద్రం ఎన్నింటికి పొంగుతుందో అడగలేదు.

నీళ్ళు వెనక్కి తగ్గుతున్నప్పుడే బీచ్‌లోకి దిగండి. పక్క ఊరు లైమ్ రీజిస్ వైపు నడిస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండచరియ. పోటు వచ్చిందంటే తప్పుకోడానికి చోటుండదు. ఒకసారి నేను రాళ్ళ ధ్యాసలో వాచీ చూసుకోక, మోకాళ్ళలోతు నీళ్ళలో పడి వచ్చాను. మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

చరియ కిందికి పిల్లల్ని పోనివ్వకు. చూడ్డానికి కొండలా ఉంటుంది గానీ, వానకి నాని జారిపోయే మట్టి అది. ఇక్థియోసార్ అనే పాతకాలపు సముద్ర సరీసృపం అస్థిపంజరాన్ని వెలికితీసిన మేరీ ఆనింగ్ లైమ్ రీజిస్‌లోనే పుట్టి పెరిగింది. 1833లో చరియ విరిగిపడి, ఆమె వెంట తిరిగే కుక్క ట్రే చచ్చిపోయింది. ఆమె వెంట్రుకవాసిలో బతికింది.

ఇక సుత్తి. వద్దమ్మా. ఆ తీరం 2001 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, చరియని కొట్టకూడదు. రాలిపడి గులకరాళ్ళలో కలిసినవి ఏరుకోవచ్చు, ఎలాగూ అలలు అరగదీసేవే కదా. పెద్దదో వింతదో కనిపిస్తే అక్కడి హెరిటేజ్ సెంటర్ వాళ్ళకి చూపించు. లైమ్ రీజిస్ అవతల మన్మౌత్ బీచ్‌లో, నీళ్ళు తగ్గాక, బండ నిండా పళ్ళేలంత అమ్మోనైట్లు, అంటే చుట్ట తిరిగిన గుల్లలున్న పాతకాలపు సముద్రజీవుల శిలాజాలు, బయటపడతాయి. అవి చూసి రావాల్సినవే, తీసుకురావాల్సినవి కావు.

వెతకడం బియ్యంలో రాళ్ళేరినట్టే. ఒకచోట కూర్చుని, చుట్ట తిరిగిన గీత కోసం చూడాలి. పసుపుగా మెరిసేది బంగారం కాదు, పైరైట్ అనే ఖనిజం. తుపాకీ గుండులా ఉంటే బెలెమ్నైట్, స్క్విడ్ బంధువు. అన్నీ సుమారు 19 కోట్ల ఏళ్ళ నాటివి. అమ్మమ్మ పూజపెట్టెలో సాలగ్రామం గుర్తుందా? గండకీ నది నుంచి వచ్చిన ఆ రాతిలో చక్రం కూడా అమ్మోనైట్ గుర్తే. పిల్లలకి చెప్పు, వాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది.

పైరైట్‌గా మారిన శిలాజాలని మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, సిలికా పొట్లంతో డబ్బాలో పెట్టు. చెమ్మ తగిలితే పొడైపోతాయి. నాకు రెండు అలాగే పోయాయి.

సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి.

మీ మామయ్య