గిన్నెలు వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళు

చి.ల.సౌ. మాధవికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం చదివాను. కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో అద్దె ఇల్లు, ఏడడుగుల వంటగట్టు, ఇద్దరివీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. రాత్రి పది దాటాక సింకు ముందు నిలబడి అంట్లు తోమడం నీ వల్ల కావడం లేదని రాశావు. పాతిక వేల లోపు గట్టు మీద పెట్టుకునే డిష్‌వాషర్ ఏది కొనాలో చెప్పమన్నావు. నేను ఎనిమిదేళ్ళుగా దాన్ని వాడుతున్నాను కాబట్టి నాకు తెలిసినదంతా చెబుతాను గాని, కంపెనీ పేరు మాత్రం చెప్పను. మోడళ్ళు ఏటా మారిపోతుంటాయి. నీ ఇల్లు, నీ నీళ్ళు, నీ గిన్నెలు మారవు. యంత్రాన్ని ఎంచవలసింది వాటిని బట్టే.

చిన్న యంత్రాలలో రెండు రకాలున్నాయి. ఒకటి కుళాయితో పని లేకుండా పైనుంచి చెంబుతో నీళ్ళు పోసుకునేది. దాని తొట్టిలో ఐదు లీటర్ల దాకా పడతాయి. ముగ్గురు నలుగురి పళ్ళేలు, గ్లాసులు తోముతుంది గాని మన కళాయి అందులో దూరదు. ఒంటరిగా ఉండే వారికీ, హాస్టలు గదులకూ అది చాలు. రెండోది కుళాయికి గొట్టం బిగించి, మురికినీటి గొట్టాన్ని సింకులోకి వదిలేది. అందులో నీకు పనికొచ్చేది ఎనిమిది సెట్టింగుల యంత్రం, అంటే ఎనిమిది మంది తిన్న పాత్రలు పట్టేదని చెప్పేది. ఆ ఎనిమిది యూరోపు భోజనాల బల్ల లెక్క, అంటే పళ్ళెం, సాసరు, కప్పు, చెంచాల లెక్క. మన ఇళ్ళలో నలుగురి కంచాలు, గిన్నెలు, గ్లాసులతో పాటు కూర గిన్నె ఒకటి, పప్పు గిన్నె ఒకటి పడితే అది నిండినట్టే. నీ కుటుంబానికి ఈ రెండో రకమే సరిపోతుంది.

ఇక టేపు తీసుకుని గట్టు కొలువు. ఈ రకం యంత్రం సుమారు 55 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల లోతు, 60 సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తు ఉంటుంది. వెడల్పూ లోతూ అందరూ చూసుకుంటారు, ఎత్తు దగ్గరే మోసపోతారు. గట్టుకూ పైన గోడకు బిగించిన అరలకూ మధ్య చాలా ఇళ్ళలో రెండడుగులే ఉంటుంది, అంటే 61 సెంటీమీటర్లు. ఒక్కొక్క ఇంట్లో అంతకంటే తక్కువ కూడా ఉంటుంది. యంత్రం దూరినా, కడగడం అయ్యాక తలుపు తీయగానే పైకి లేచే ఆవిరి ఆ చెక్క అడుగుకే తగిలి, ఏడాదిలో పొర ఉబ్బిపోతుంది. కాబట్టి అరలు లేని చోటే చూడు. వెనుక గొట్టాలకు నాలుగు వేళ్ళ సందు కావాలి. తలుపు కిందికి తెరుచుకుంటుంది గనుక, యంత్రం వెనుక భాగం నుంచి తెరిచిన తలుపు అంచు దాకా దాదాపు మీటరు అవుతుంది. నువ్వు నిలబడే చోటు కూడా చూసుకోవాలి. యంత్రం ఖాళీగానే ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి రాతిగట్టు మీద పెట్టు, ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టవద్దు.

నీ విషయంలో నాకు అసలు బెంగ కుళాయి గురించే. నువ్వుండేది పై అంతస్తు, నీళ్ళ ట్యాంకు నీ నెత్తిమీదే ఉంటుంది. ఈ యంత్రాలు పనిచేయడానికి 0.3 నుంచి 0.5 బార్ వరకు కనీస ఒత్తిడి అడుగుతాయి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. అంటే ట్యాంకులో నీటి మట్టం నీ కుళాయి కన్నా మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తున ఉండాలి. డాబా మీదే నేరుగా ట్యాంకు పెట్టిన ఇళ్ళలో, పై అంతస్తు వారికి ఆ ఎత్తు దొరకదు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. యంత్రం పది నిమిషాలు తిరగడం, నీళ్ళు రావడం లేదని దీపం వెలగడం, ఆగిపోవడం. బిగించడానికి వచ్చిన మనిషి యంత్రానిదే తప్పని చెప్పి, నీళ్ళు లోనికి వచ్చే వాల్వు మార్చి డబ్బు తీసుకున్నాడు. మరునాడు మళ్ళీ అదే తంతు. రెండు నెలల తర్వాత మా వీధిలో ప్లంబరు ఒకాయన కుళాయి తిప్పి, ధార కింద అరచేయి పెట్టి చూసి, లోపం ట్యాంకు ఎత్తులో ఉందని ఒక్క నిమిషంలో చెప్పాడు. చిన్న ప్రెషర్ పంపు పెట్టించాక ఈ ఎనిమిదేళ్ళలో ఆ దీపం మళ్ళీ వెలగలేదు. నీ ఇంట్లో స్నానాల గదిలో షవరు జోరుగా రాకపోతే, వంటింట్లోనూ అదే ఒత్తిడి అని అర్థం చేసుకో. యంత్రం కొనే ముందు ప్లంబరును పిలిపించి చూపించు, పంపు ఖర్చు కూడా నీ పాతిక వేలలోనే లెక్క వేసుకో. పంపు పెట్టాలన్నా, కుళాయికి గొట్టం బిగించాలన్నా ఇంటివారితో ముందుగా ఒక మాట అను.

తరువాతిది నీళ్ళ కాఠిన్యం, అంటే గార కట్టించే లవణాలు నీటిలో ఎంత ఉన్నాయన్నది. జలమండలి వారి కృష్ణా, గోదావరి నీళ్ళకూ బోరు నీళ్ళకూ ఎంత తేడా ఉంటుందో నీ స్టీలు బకెట్టు అడుగున పట్టిన తెల్లటి గారే చెబుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. వేసవిలో ట్యాంకరు నీళ్ళు కలిసే అపార్ట్‌మెంట్లలో ఈ సంఖ్య నెలనెలా మారుతుంది. అందుకే లోపల నీటిని మెత్తబరిచే ఏర్పాటు, అంటే ఉప్పు పోసే అర ఉన్న యంత్రమే కొను. అది లేని చవక యంత్రాన్ని ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దను. ఆ ఏర్పాటు లేకపోతే గ్లాసులు మసకబారతాయి, కంచాల మీద వేలితో రాస్తే పిండిలా తెల్లగా వస్తుంది, యంత్రం లోపల గిరగిర తిరుగుతూ నీళ్ళు చిమ్మే చేతుల్లాంటి కడ్డీల రంధ్రాలు మూసుకుపోతాయి. అందులో పోసేది డిష్‌వాషర్ కోసం అమ్మే కళ్ళుప్పే కావాలి. కూరలో వేసే మెత్తని అయోడిన్ ఉప్పు పోస్తే గడ్డకట్టి అర పాడవుతుంది. నీటి కాఠిన్యం చూడడానికి కాగితపు పట్టీలు దొరుకుతాయి. వాటితో చూసి, యంత్రంలో ఆ అంకె పెట్టుకోవాలి. నీళ్ళ ఫిల్టరు అమ్మేవారు చూపించే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపుతుంది గాని, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు.

ఇక దుకాణం సంగతి. ఉత్త చేతులతో వెళ్ళవద్దు. నువ్వు రోజూ వాడే కళాయి, కుక్కరులో పెట్టే గిన్నె, అన్నిటికన్నా పెద్ద కంచం, పొడుగాటి గరిటె ఒక సంచిలో వేసుకుని వెళ్ళు. సిగ్గుపడాల్సిన పని లేదు, వేలు పోసి కొంటున్నది నువ్వు. అక్కడ తలుపు తెరిపించి, కింది అరలో కళాయిని బోర్లించి చూడు. పై అర పైకి జరుగుతుందా, లేదా పూర్తిగా తీసేయవచ్చా అని అడుగు. గిన్నెలన్నీ సర్దాక కింద ఉన్న నీళ్ళ చేతిని వేలితో ఒక్క చుట్టు తిప్పు. అది ఎక్కడా తగలకుండా తిరిగితేనే నీ గిన్నెలు ఆ యంత్రంలో పట్టినట్టు. గరిటె కాడ చువ్వల సందులోంచి కిందికి జారి ఆ చేతికి అడ్డు తగిలితే, గంటలకొద్దీ తిరిగినా ఆ పక్క గిన్నెలకు నీళ్ళే తగలవు. మొన్న మీ బాబాయి కూతురికి ఇలాగే చూపించి కొనిపించాను. మొదట ఎంచుకున్న మోడల్లో కంచాల చువ్వలు మరీ దగ్గరగా ఉండి, అంచున్న స్టీలు కంచాలు నిలబడనే లేదు. చువ్వలు మడిచే వీలున్నది తీసుకున్నాం. ఇప్పుడు హాయిగా వాడుకుంటోంది.

అన్ని లోహాలూ ఆ యంత్రానికి పనికిరావు. స్టీలు, గాజు, పింగాణీ నిశ్చింతగా వేయవచ్చు. అల్యూమినియం వేయనే కూడదు, యంత్రంలో వేసే డిష్‌వాషర్ పొడిలోని క్షారం దాన్ని తినేస్తుంది. మా ఇడ్లీ రేకులు ఒక రాత్రి వేశాను. తెల్లారి తీస్తే బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి, గుడ్డతో తుడిస్తే గుడ్డంతా నల్లగా అంటుకుంది. ఎంత తోమినా వాటి మెరుపు తిరిగి రాలేదు. నీ కుక్కరు అల్యూమినియందైతే చేత్తోనే కడుక్కో. ఇనుప పెనం తుప్పు పడుతుంది, ఇత్తడి, రాగి రంగు మారతాయి, చెక్క పప్పుగుత్తి, కవ్వం బీటలు వారతాయి. రోజూ వంట చేసేది అల్యూమినియం, ఇనుము గిన్నెల్లోనే అయితే, ముందు రెండు మూడు స్టీలు గిన్నెలు కొనుక్కుని ఆ తర్వాత యంత్రం సంగతి చూడు.

కరెంటు విషయంలో చెప్పవలసింది తక్కువే. నీళ్ళు కాచేటప్పుడు యంత్రం రెండు వేల వాట్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి విడిగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఇన్వర్టరు మీద నడపవద్దు. మామూలు గిన్నెలకు ఎకో పద్ధతి పెట్టు. మూడు గంటల పైన పట్టినా, పది లీటర్ల లోపు నీళ్ళు, యూనిట్ లోపు కరెంటుతో ముగుస్తుంది. వేపుళ్ళు, మాంసం వండిన రోజున 65 డిగ్రీలు దాటే గాఢమైన పద్ధతి పెట్టుకోవాలి.

యంత్రం ధర ఒక్కటే చూడకు. పొడి, ఉప్పు, గిన్నెలు తళతళలాడేందుకు పోసే రిన్స్ ఎయిడ్ నెలనెలా కొనవలసినవి. బిళ్ళల కన్నా పొడి చవక, గిన్నెలను బట్టి తగ్గించీ వేసుకోవచ్చు. చేత్తో తోమే ద్రవం మాత్రం చుక్క కూడా వేయకు, నురగ పొంగి తలుపు సందుల్లోంచి కారుతుంది. మెతుకులు, కరివేపాకు చెత్తబుట్టలోకి దులిపి పెడితే చాలు, ముందే కడగనక్కరలేదు. కాని వారానికొకసారి అడుగున ఉన్న జాలీ తీసి కడగాలి. ఆవగింజలన్నీ అక్కడే చేరతాయి, కడగకపోతే వాసన మొదలవుతుంది. రెండు కంపెనీల మధ్య ఎటూ తేలకపోతే, కూకట్‌పల్లికి మరమ్మతు మనిషిని రెండు రోజుల్లో ఎవరు పంపుతారో, అదే కంపెనీ యంత్రం వాడుతున్న పొరుగువారిని అడిగి తెలుసుకో. వెయ్యి రూపాయల తేడాకు దాన్ని వదులుకోకు.

ఈ ఆదివారం గట్టు మీది ఎత్తు, సింకుకు దూరం, కుళాయి నుంచి పది లీటర్ల బకెట్టు ఎన్ని నిమిషాల్లో నిండుతోందో కొలిచి, గట్టు ఫోటోతో పాటు నాకు పంపు. వచ్చే శనివారం నేను హైదరాబాదు వస్తున్నాను. కళాయి, కంచాలు సంచిలో సర్ది ఉంచు, ఇద్దరం కలిసి దుకాణానికి వెళదాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య