మిలిట్రీ చేసొచ్చి ఎమ్మెల్యే అవుతానంటున్నాడు, ఏం చెప్పమంటారు?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అబ్బాయి గుంటూరులో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. మిలిట్రీకి వెళ్లొచ్చి ఎమ్మెల్యేగా నిలబడతానంటాడు. మిలిట్రీవాళ్లంటే జనం నమ్మి ఓట్లేస్తారట. వాళ్ల నాన్నేమో ఇంజనీరింగే చదవాలంటున్నారు. ఇది అసలు కుదిరే దారేనా?

జవాబు: కుదిరే దారేనమ్మా. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్ విమానాలు నడిపి, రాష్ట్రపతి భవన్‌లో పనిచేసి, 1999లో కోదాడ నుంచి అసెంబ్లీకి గెలిచారు. 2023లో తెలంగాణ మంత్రి అయ్యారు. మేజర్ జనరల్‌గా రిటైరైన ఖండూరి గారు ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా చేశారు. ఈయన సర్వీసంతా పూర్తి చేసుకుని వచ్చారు, ఉత్తమ్ గారు మధ్యలోనే వదిలేసి వచ్చారు.

అయితే ఓట్ల కోసం మిలిట్రీకి వెళ్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. మాజీ సైనికుడంటే గౌరవం దొరుకుతుంది, నిజమే. కానీ ఎమ్మెల్యేని గెలిపించేది ఊళ్లోవాళ్లతో ఏళ్ల తరబడి ఉన్న పరిచయం. మిలిట్రీలో ఉన్నవాడికి సరిగ్గా అదే కరువవుతుంది. పైగా సర్వీసులో ఉన్నంతకాలం రాజకీయ సభలకు వెళ్లకూడదు, పార్టీలకు చందా ఇవ్వకూడదు. ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయడం కుదరనే కుదరదు. బయటికొచ్చాక పెన్షన్ తీసుకుంటూ నిలబడటానికి ఏ అడ్డూ లేదు.

వయసు లెక్క కూడా చూడండి. అసెంబ్లీకి 25 నిండాలి. 18కి అగ్నివీర్‌గా, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల సైనికుడిగా చేరితే, 22కి బయటికొస్తాడు. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సేవానిధి సొమ్ము కింద సుమారు 11.7 లక్షలు వస్తాయి, పెన్షన్ ఉండదు. పర్మనెంటుగా ఉంచుకునేది 25 శాతం మందినేనని పథకం మొదలైనప్పుడే చెప్పారు. ఆ సొమ్ము ఎన్నికల్లో పెట్టనివ్వకండి, అది వాడి తర్వాతి చదువుకి, బతుకుతెరువుకి. పంచాయతీకి 21 నిండితే చాలు కాబట్టి, తిరిగొచ్చాక ముందు వార్డు మెంబరుగానో సర్పంచిగానో పనిచేసి చూడటం మంచిది. డిగ్రీ మాత్రం వదలకూడదు. అగ్నివీరుల కోసం ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ప్రత్యేక డిగ్రీ ఉంది.

ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసి ఆఫీసరైతే దారి వేరు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీలో మూడేళ్లు, తర్వాత మరో ఏడాది ట్రైనింగ్, చేతికి డిగ్రీ. పూర్తి పెన్షన్ కావాలంటే 20 ఏళ్ల సర్వీసు. అంటే రాజకీయం నలభై దాటాకే. అదేం ఆలస్యం కాదు. ఎంపీసీ కాబట్టి ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటికీ అర్హుడే. నేనైతే ముందు ఇదే రాయించమంటాను. ఇంజనీరింగ్ ఎంట్రన్సు కోసం చదివే లెక్కలే ఇక్కడా చాలావరకు పనికొస్తాయి, వాళ్ల నాన్నగారి మాటా పోదు.

ఇంకో సంగతి. ఈ వయసులో పార్టీల గొడవల్లోకి, ధర్నాల్లోకి వెళ్లనివ్వకండి. కేసు పడితే మిలిట్రీ ఉద్యోగం పోలీస్ వెరిఫికేషన్‌లోనే ఆగిపోవచ్చు. 2022లో అగ్నిపథ్ వద్దంటూ సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన గొడవ తర్వాత ఎంతమంది కుర్రాళ్ల ఇళ్లల్లో ఈ భయం పట్టుకుందో ఆ తల్లిదండ్రులకే తెలుసు.

ఎమ్మెల్యే పనంటే ఏమిటో వాడికి కళ్లారా చూపించండి. ఒక సోమవారం గుంటూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేచోట పూట కూర్చోమనండి. పాస్‌బుక్‌లో సర్వే నంబరు తప్పు పడిందని ఒకరు, పింఛను ఆగిందని ఇంకొకరు వస్తారు. తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమనండి. భర్త డిశ్చార్జి బుక్‌లో తన పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరిగే ఆడవాళ్లు అక్కడ కనబడొచ్చు. ఆ కాగితం సరిచేయించడానికి ఏ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరగాలో తెలిసిన మాజీ సైనికుడు ఊళ్లో ఉంటే, ఆ కుటుంబానికి ఎంత ఆసరా! మీవాడికి ఈ పని మీద మనసు నిలిస్తే, ఎమ్మెల్యే కావాలన్న కోరికకి అర్థం ఉన్నట్టే. విసుగనిపిస్తే మిలిట్రీనే నిండు కెరీర్‌గా చేసుకోమనండి, అది చిన్నదేం కాదు.

17 నిండితే ఓటు కోసం ఫారం-6 ముందే ఇవ్వొచ్చు, ఆ పని చేయించండి. ఎన్‌డీఏ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, యూపీఎస్‌సీ నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే అప్లై చేయమనండి.