పాట్స్ ఉన్నవారు వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

నిలబడగానే గుండె దడ, కళ్లు తిరగడం వంటి బాధలుండే పాట్స్ (పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్) రోగులు వ్యాయామం చేయవచ్చా అన్నది ప్రశ్న. వైద్యుని సలహాతో చేయవచ్చు. కానీ చాలామంది చేసేటట్టు నేరుగా నడకకు దిగకుండా, కూర్చుని లేదా పడుకుని చేసే వాటితో మొదలుపెట్టడం క్షేమం.

లేచి నిలబడిన 10 నిమిషాల లోపు, రక్తపోటు పెద్దగా పడిపోకుండానే, గుండె వేగం అంతకుముందున్న దానికంటే నిమిషానికి కనీసం 30 సార్లు (12 నుంచి 19 ఏళ్ల వారిలో 40) పెరగడం ఈ జబ్బు గుర్తు. రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోయి గుండెకు తిరిగి చేరేది తగ్గడంతో, ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది. అందుకే వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్, రోయింగ్ యంత్రం (కూర్చుని తెడ్డు వేసినట్టు లాగేది), ఈత వంటివి మొదట అనుకూలం. పిక్కలు, తొడలు బలపడే కొద్దీ ఆ కండరాలే రక్తాన్ని పైకి నెట్టడంలో తోడ్పడతాయి.

మొదట్లో 5 నిమిషాలైనా చాలు. తొక్కడం ఒక్కసారిగా ఆపి లేచి నిలబడితేనే ఎక్కువ ప్రమాదం కనుక, వేగం తగ్గించి మరికొన్ని నిమిషాలు తొక్కి, కాసేపు కూర్చుని, పిక్కలు బిగించి వదులుతూ నెమ్మదిగా లేవాలి. బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారు నాడి లెక్కను నమ్ముకోకుండా, మాట్లాడగలిగేంత ఆయాసాన్నే హద్దుగా పెట్టుకోవడం మేలు. వ్యాయామానికి ముందే నీళ్లు తాగాలి, ఎండవేళ మానుకోవాలి. ఉప్పు పెంచడం మాత్రం, ముఖ్యంగా బీపీ, మూత్రపిండాల జబ్బు ఉంటే, వైద్యుడు చెబితే తప్ప వద్దు. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వ్యాయామం ఆపి వెంటనే వైద్యసహాయం పొందాలి.